గట్టు మీద ఉండాల్సిన మనిషి

రొయ్యల చెరువులో ఎంత సరుకు ఉందో చెప్పడానికి గంగబాబు ఆరుసార్లు వల విసురుతాడు. మొదటిసారి పడినవాటిని తూచకుండా తిరిగి నీళ్ళలో వదిలేస్తాడు. మేత కోసం గట్టు పక్కనే కాచుకుని ఉన్న పెద్దవి ముందు పడతాయని, వాటిని చూసి చెరువంతా అలాగే ఉందనుకోకూడదని అంటాడు. తరువాత నాలుగు మూలలా నాలుగు వలలు, తెప్ప మీద వెళ్ళి నడిమధ్యన ఒకటి. పడిన రొయ్యల్ని తూచి, కిలోకి ఎన్ని తూగాయో చూస్తాడు. దాన్నే కౌంటు అంటారు. ఆ అంకె ఎంత తక్కువైతే రొయ్య అంత పెద్దది, ధర అంత ఎక్కువ. గుల్ల గట్టిగా ఉందో మెత్తబడిందో బొటనవేలితో నొక్కి చూస్తాడు. ఆ తరువాత గట్టెక్కి, చేతులు లుంగీకి తుడుచుకుని, రెండే ముక్కలు చెబుతాడు.

"నలభై కౌంటండి. మూడు టన్నులు."

రాజోలు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలోని చెరువుల్లో ఆ రెండు ముక్కలకు ఎంత విలువ ఉందో నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. చెరువు నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు బాగుచేసే పని మీద నేనూ ఆ చెరువులకే తిరుగుతాను. గంగబాబు నలభై అన్నాడని తెలిస్తే కొనేవాళ్ళు వచ్చి చూడకుండానే లారీ పంపుతారు. ఇంకో పది రోజులు ఆగమన్నాడని తెలిస్తే, అంతకుముందు రోజు దాకా రైతును ఫోన్లతో వేపుకు తిన్నవాళ్ళు కూడా చప్పబడిపోతారు. చెరువులో రొయ్య నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. ఆయన నోట్లోంచి మాట బయటికి వచ్చాక మాత్రం దాని ధర మారిపోతుంది.

అందుకే ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. కౌంటు చెప్పినవాడు చెరువు పట్టే రోజున గట్టు మీద ఉండాలి. కాటా మీద చివరి ట్రే తూగేదాకా కదలకూడదు. చెప్పినదానికీ తూగినదానికీ పెద్ద తేడా వస్తే కూలి పుచ్చుకోకూడదు, రైతు నాలుగు మాటలంటే పడాలి. ఇది ఎక్కడా రాసి లేదు. గంగబాబు తండ్రి అప్పలస్వామి చేపల చెరువులకు ఇదే పని చేసేవాడు. ఆయన గట్టు మీద నిలబడితే కొడుకూ నిలబడ్డాడు. ఎండలో, వానలో, జ్వరంతో కూడా నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో కూలి వదులుకున్నవి రెండుసార్లేనని లెక్క చెబుతాడు. వాటిలో ఒకటి, పక్క చెరువు గట్టు తెగి రొయ్య అటు వెళ్ళిపోవడం వల్ల. దాన్ని కూడా తన తప్పులోనే కలుపుకుంటాడు.

వల ఆయనే అల్లుకుంటాడు. బజారులో దొరికే వలలకు అంచున సీసపు గుండ్లు ఒకే బరువులో ఉండవని, వల గుండ్రంగా విచ్చుకోకుండా ఒక పక్కకు లాగేస్తుందని, అలా పడిన వలతో చెప్పిన కౌంటు అబద్ధమవుతుందని ఆయన నమ్మకం.

ఆయన భార్య సత్యదుర్గ కువైట్‌లో ఉంది. ఒక పెద్ద కుటుంబానికి వంట చేస్తుంది. వెళ్ళి ఎనిమిదేళ్ళయింది. రెండేళ్ళకొకసారి అగ్రిమెంటు ముగుస్తుంది. వచ్చేయడమో, ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టడమో అప్పుడు తేల్చుకోవాలి. వీళ్ళకు పిల్లలు లేరు. ఇంట్లో గంగబాబు ఒక్కడే. గోడ గడియారం రెండున్నర గంటలు వెనక్కి ఉంటుంది. మొదటిసారి వెళ్ళినవాడెవడైనా, "గడియారం ఆగిపోయిందండీ," అంటాడు. "ఆగలేదండి. అది దుర్గ టైము," అంటాడాయన.

అన్నం వండుకుంటాడు. కూర మాత్రం రాజోలు సెంటర్లో కర్రీ పాయింట్ నుంచి కవర్లో తెచ్చుకుంటాడు. శుక్రవారం మధ్యాహ్నం యజమానులు ఊరి బయట తోటకు పోతారు కాబట్టి సత్యదుర్గకు తీరిక. ఆ ఒక్క గంటా ఫోను. ఆయన తెచ్చుకున్న కూర గురించి ఆవిడ అడగడంతోనే మాటలు మొదలవుతాయి.

"ఇవాళేం తెచ్చుకున్నారండి?"

"దోసకాయ."

"పులుపెక్కించేడా?"

"పులుపేంటి దుర్గా, అసలు దోసకాయే ఎక్కించలేదు. అంతా నీళ్ళే."

"నేనొచ్చి పెడితే చూద్దురు గాని. ఆడి షట్టర్ మూయించేస్తాను."

ఇది సరదాకు అన్న మాట కాదు. తిరిగి వచ్చాక రాజోలు సెంటర్లో కర్రీ పాయింట్ పెట్టుకోవాలన్నది ఇద్దరి ఆలోచన. దానికి షాపు అడ్వాన్సు కావాలి, సామాను కావాలి, నిలదొక్కుకునేదాకా ఓ ఏడాది గడవాలి. ఆవిడ పంపే డబ్బు అందుకోసమే దాస్తూ వచ్చారు.

మూడేళ్ళ క్రితం గంగబాబు ఏవో కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి సతీష్ షాపుకు వెళ్ళాడు. సతీష్ రాజోల్లో ఆన్‌లైన్ సర్వీసుల షాపు నడుపుతాడు. టిక్కెట్లు, కరెంటు బిల్లులు, ఫోను రీచార్జిలు, ఈ మధ్య షేర్ల ఖాతాలు కూడా. గోడకున్న టీవీలో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గురించి చెబుతున్నాడు. కింద పట్టీ మీద అంకె కనిపిస్తోంది. కొనండి, టార్గెట్ పదహారు వందలు. అప్పటికి ఆ షేరు తొమ్మిది వందల్లో ఉంది.

"ఈయనెవర్రా సతీషూ?"

"ఎనలిస్టు బాబాయ్. ఏ షేరు ఎంతకెళ్తాదో చెప్తాడు."

"ఎలా చెప్తాడు? లోపలికెళ్ళి చూసేడా?"

"చూడకుండా చెప్తారేటి బాబాయ్? కంపెనీ వోళ్ళతో మాట్లాడతారు, లెక్కలన్నీ తిరగేస్తారు. మామూలు చదువులనుకున్నావా!"

"తప్పితే?"

"తప్పితే ఏవుంది, మళ్ళీ ఇంకోటి చెప్తాడు."

సతీష్ నవ్వుతూ అన్న ఆ చివరి మాట గంగబాబు చెవికి ఎక్కలేదు. తనలాంటి పనివాడే ఒకడు టీవీలో కనిపించాడని ఆయన సంతోషం. పదహారు వందలని చెప్పాడంటే వల వేసే చెప్పి ఉంటాడు. నీళ్ళలో ఉన్నదే చెబుతాడు గాని లేనిది చెప్పడు. ఆ పదహారు వందలు ఇప్పటికే ఆ కంపెనీ లోపల ఉన్నాయి, చెరువు పట్టే రోజు రావడమే తరువాయి అని అర్థం చేసుకున్నాడు. ముప్పై ఏళ్ళు రొయ్యల కౌంటు చెప్పిన మనిషి ఇంకోలా అర్థం చేసుకోవడం కష్టం. రేపు ఇంకొకడు ఎంత పెట్టి కొంటాడోనని చేసే ఊహకు కూడా అంకె ఉంటుందని ఆయనకు తోచలేదు.

దాచినదంతా ఆ ఒక్క షేరులోనే పెట్టాడు. సత్యదుర్గకు కూడా అలాగే చెప్పాడు.

"పదహారొందలు అవ్వగానే నువ్వొచ్చెయ్యడమే."

"ఎవరు చెప్పేరండి?"

"చూసినోళ్ళే చెప్పేరు."

"అయితే సరేనండి, ఆయ్."

ఏడో తరగతితో చదువు ఆపేసిన గంగబాబు ఫోనులో ఆ కంపెనీ ఇంగ్లీషు పేరు గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. బయ్, సెల్, హోల్డ్ అనే మూడు మాటలు చదవడం కూడా. పొద్దున్నే చెరువుల పని ముగించుకుని, షేర్ల మార్కెట్టు తెరిచే తొమ్మిదింబావుకి ఏదో ఒక గట్టు మీద కూర్చుని ఫోను తీసేవాడు. మోటారు విప్పుకుంటూ నేను పక్కనే ఉంటే, "ఇవాళ పదకొండు రూపాయలు పెరిగిందండి," అనేవాడు, మేత బాగా తింటోందన్నట్టు.

ఏడాది తిరిగేసరికి షేరు పదిహేను వందల ఎనభై దాకా వచ్చింది. సత్యదుర్గ అగ్రిమెంటు ముగియడానికి నెల రోజులుంది. అక్కడ ఆవిడ అట్టపెట్టె కొని సామాను సర్దడం మొదలుపెట్టింది. పాలపొడి డబ్బాలు, సబ్బులు, ఒక పెద్ద ఎర్ర కంబళి. వీడియోలో పెట్టె చూపించింది. కంబళి మీద పులి బొమ్మ ఉంది.

"పులి ఎందుకే?"

"మీకు తోడుంటాదని."

"నువ్వొస్తుంటే పులెందుకు?"

"అందుకేనండి. ఇద్దరం కాపలా కాస్తాం."

ఆ వారంలోనే కళ్ళద్దాలాయన మళ్ళీ టీవీలోకి వచ్చాడు. టార్గెట్ రెండు వేల వందకు పెంచాడు. అదే రోజు షేరు నూరు రూపాయలు ఎగిరింది. గంగబాబు సతీష్ షాపుకు పరుగెత్తాడు.

"నిన్నటికీ ఇవాళ్టికీ ఆ కంపెనీలో ఏం మారిందిరా?"

"కంపెనీలో ఏమీ మార్లేదు బాబాయ్. ఆయన మాట మారింది. జనం ఎగబడ్డారు."

"అంటే మళ్ళీ వలేసేడన్న మాట."

"అనుకో," అన్నాడు సతీష్.

రెండోసారి చూస్తే రొయ్య పెరిగి కనపడటం గంగబాబుకు కొత్త కాదు. అలాంటప్పుడు, పట్టకండి, ఆగండి, ఇంకా పెరుగుతుంది అని రైతుకు తనే చెబుతాడు. రెండు టన్నులకు పెరిగే చెరువును ఒకటిన్నర దగ్గర పట్టించడం పనితనం తెలిసినవాడు చేసే పని కాదు. శుక్రవారం ఫోనులో అదే చెప్పాడు. ఇంకో రెండేళ్ళు ఉంటే షాపు అద్దెకు కాకుండా సొంతానికే కొనుక్కోవచ్చన్నాడు. లైను పోయిందేమోనని ఆయన రెండుసార్లు హలో అన్నాడు.

"ఉన్నానండి," అంది సత్యదుర్గ. "మీరు చెప్తే సరేనండి, ఆయ్."

పాలపొడి డబ్బాలు తోటి పనివాళ్ళకు ఇచ్చేసిందని తరువాత తెలిసింది. కంబళి మాత్రం ఉంచుకుంది. కప్పుకోవడం మొదలుపెట్టింది.

తరువాతి రెండేళ్ళలో షేరు పద్దెనిమిది వందల యాభై దాకా ఎక్కింది. అక్కడికి చేరేలోపే టార్గెట్ రెండు వేల ఆరు వందలయింది. ఎప్పుడు చూసినా టార్గెట్ షేరు కంటే కొంచెం ముందు నడుస్తూనే ఉండేది. గంగబాబు ఇంట్లో గడియారం రెండున్నర గంటలు వెనకే ఉండేది. కర్రీ పాయింట్ కూరలో నీళ్ళు కూడా తగ్గలేదు.

ఇక ఈ ఏడాది జరిగింది చెబుతాను.

సత్యదుర్గ మళ్ళీ సంతకం పెట్టాల్సిన గడువు ఇంకా పన్నెండు రోజులుంది. ఈసారి వచ్చేయాలని ఇద్దరూ గట్టిగానే అనుకున్నారు. పద్దెనిమిది వందల యాభైకి అమ్మినా చాలని గంగబాబు సతీష్‌తో అని ఉన్నాడు. అయినా ఇవాళ, రేపు అని వాయిదా వేస్తున్నాడు. ఒక సోమవారం పొద్దున్న కళ్ళద్దాలాయన టీవీలోకి వచ్చి, కంప్యూటర్లే సొంతంగా ప్రోగ్రాములు రాసేసే రోజులు వచ్చాయని, ఈ కంపెనీకి పని తగ్గుతుందని చెప్పాడు. అమ్మేయండన్నాడు. టార్గెట్ పదకొండు వందలన్నాడు. రెండు వేల ఆరు వందలన్న నోటితోనే.

సాయంత్రానికి షేరు పద్నాలుగు వందల తొంభైకి పడింది.

గంగబాబు ఆ రోజు అమ్మలేదు. ఒక వల తేడాగా పడితే ఇంకో వల వేయకుండా మాట చెప్పకూడదన్నది ఆయన పద్ధతి. రెండో మనిషి ఏమంటాడో చూద్దామనుకున్నాడు. మంగళవారం రెండో ఎనలిస్టు, మూడో ఎనలిస్టు అదే మాటన్నారు. షేరు పదమూడు వందలకు దిగింది.

"అందరూ ఒకేరోజు వలేసేర్రా సతీషూ?"

"ఒకడేస్తాడు బాబాయ్. మిగతావోళ్ళు ఆడి బుట్టలోకి తొంగి చూస్తారు."

"మరి కంపెనీ ఏమంటాంది?"

"మాకేం కాలేదు మొర్రో అంటాంది. వినేదెవరు?"

ఆ మధ్యాహ్నం గంగబాబు శుక్రవారం దాకా ఆగలేకపోయాడు. ఆవిడ పనిలో ఉంటుందని తెలిసి, ఫోనులో మాట రికార్డు చేసి పంపాడు. "దుర్గా, రేటు పడిపోయింది. ఇంకా పడేలా ఉంది. ఇప్పుడు రావడానికి లేదు. సంతకం పెట్టెయ్." గంట తరువాత జవాబు వచ్చింది. వెనక గిన్నెల చప్పుడు, దాని మీద ఒక్క మాట. "ఆయ్."

మర్నాడు తెల్లవారుజామున వీరవెంకటరమణ గారి చెరువు. నాలుగెకరాల రైతు, మంచివాడు, ఎప్పుడూ గంగబాబునే పిలుస్తాడు. ఆ వారం రొయ్యకు ధర బాగుంది. ఇప్పుడే పట్టాలా, ఇంకో పదిహేను రోజులు పెంచాలా అన్నది ఆయన సందేహం. పాడైన మోటారు కోసం నేనూ వెళ్ళాను.

గంగబాబు నీళ్ళలోకి దిగి వల విసిరాడు. మొదటి వల వదిలేయలేదు, తూచాడు. మేత వేసే చోటికి దగ్గరగా రెండోది వేశాడు. తెప్ప ఎక్కలేదు. జేబులో ఫోను కొట్టుకుంటుంటే, సతీష్ నడిపే షేర్ల గ్రూపులో ఏం వచ్చిందోనని తడిచేత్తోనే తీసి చూసి, గట్టెక్కేశాడు.

రమణ గారు నవ్వారు. "ఏం గంగబాబూ, ఇవాళ వల బరువెక్కిందా? రెంటికే దిగిపోయేవు?"

"సరిపోద్దండి. నలభై రెండు కౌంటు, మూడు టన్నులు ఉంటాదండి. పట్టించేయండి."

మోటారు మూత బిగిస్తున్న నేను తలెత్తి చూశాను. ఆయన పని ఆయనది అనుకున్నాను. అప్పుడే అని ఉండాల్సింది.

గురువారం చెరువు పట్టారు. కొనేవాళ్ళ లారీ ఎనిమిదింటికే వచ్చింది. వలలు లాగడం మొదలైంది. మొదటి ట్రేలు గట్టెక్కగానే రొయ్యలు వేరుచేసే ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో నాగమణి నోరు పెద్దది.

"గంగబాబు గారండీ, మీ వలకి కళ్ళద్దాలు పెట్టించాలండి. ఇయ్యి నలభై రెండేంటి, పిల్లకాయలు!"

అందరూ నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు. కౌంటు యాభై ఎనిమిది తూగింది. కొనేవాడు అక్కడికక్కడే ధర దించేశాడు. వలలు నీళ్ళలో ఉన్నాక, సగం చెరువు తోడేశాక, రైతు ఆపడానికి వీలుండదు. మొత్తం రెండు టన్నుల పైన కొద్దిగా తేలింది.

గంగబాబు గట్టు మీద నిలబడ్డాడు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఒకే చోట నిలబడ్డాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని తరువాత నాతో అన్నాడు. మనుషులు ఆయన పక్క నుంచి ట్రేలు మోసుకుంటూ, స్తంభాన్ని తప్పించుకుని వెళ్ళినట్టు వెళ్ళారు. మధ్యాహ్నం నేను గ్లాసులో టీ తీసుకెళ్ళి ఇచ్చాను. పట్టుకున్నాడు గాని తాగలేదు.

చివరి ట్రే తూగాక రమణ గారు దగ్గరికి వచ్చారు.

"నువ్వు చెప్పేవని పట్టేను గంగబాబూ," అన్నారు. గొంతు పెంచలేదు. "లేపోతే ఇంకో పదిహేను రోజులు ఉంచేవాణ్ణి."

"నేను రెండే వేసేనండి. మొదటిది వదల్లేదండి."

"తెలుసు. చూసేను. అయినా నువ్వు చెప్పేవు కదా అని."

కూలి డబ్బు ఇవ్వబోయారు. గంగబాబు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక, ఖాళీ అయిన చెరువు బురద వాసన వేస్తుంటే, ఆయన గట్టు మీదే కూర్చుని ఫోను తీశాడు. సతీష్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. కళ్ళద్దాలాయనే. ఇంకేదో కంపెనీ గురించి చెబుతున్నాడు. కొత్త టార్గెట్ ఇస్తున్నాడు. నీలం కోటు వేసుకున్నాడు, హాయిగా నవ్వుతున్నాడు. గంగబాబు ఆ వీడియోను మూడుసార్లు చూశాడు. మూడోసారి నాకు చూపించాడు.

"ఈయన మన కంపెనీ దగ్గర నిలబడలేదండి," అన్నాడు. "మనవాళ్ళ ట్రేలు ఇంకా తూగుతూనే ఉన్నాయి. ఈయన వేరే చెరువుకెళ్ళిపోయేడు."

శుక్రవారం పొద్దున్న షాపు తెరవగానే వెళ్ళి అమ్మేయమన్నాడు. షేరు పదకొండు వందల నలభైలో ఉంది. సతీష్ నెత్తి కొట్టుకున్నాడు.

"కింద పడ్డాక అమ్ముతారా ఎవరైనా? అమ్మితే మొన్నే అమ్మాలి. ఇంకొకాయన హోల్డ్ అన్నాడు బాబాయ్, ఇదిగో చూడు."

"ఆయనెక్కడుంటాడ్రా?"

"ముంబైలో."

"అయితే అమ్మెయ్."

లెక్కకు చూస్తే పెట్టినదాని కంటే ఎక్కువే చేతికి వచ్చింది. పేపరులో వేస్తే దాన్ని లాభమనే రాస్తారు. రాజోలు సెంటర్లో షాపుకు మాత్రం అది చాలదు. సెంటరుకు దూరంగా, కాలువ వంతెన దిగాక ఒక చిన్న గది ఖాళీగా ఉంది. గంగబాబు సైకిలు మీద వెళ్ళి చూసి వచ్చాడు. అడుగులతో పొడవు, వెడల్పు కొలిచాడు. పొయ్యి ఎక్కడ పెట్టాలో, పొగ ఎటు పోతుందో చూశాడు. వంతెన మీద ఎంతమంది నడుస్తున్నారో గంటసేపు కూర్చుని చూశాడు. ఎంత అమ్ముడుపోతుందో పెద్దగా వేయకుండా, తక్కువగానే వేసుకున్నాడు. అన్నీ చూసుకుని, ఈసారి దుర్గకు చెప్పదగ్గ మాట దొరికిందనుకుని ఇంటికి వచ్చాడు. గడువుకు ఇంకా వారం పైనే ఉంది.

మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఇవాళేం తెచ్చుకున్నారండి?"

"కూర సంగతి తరవాత. దుర్గా, విను. నేను అమ్మేసేను. అనుకున్నంత రాలేదు. సెంటర్లో షాపు రాదు. వంతెన దగ్గర చిన్న గది ఉంది, నేను చూసేను, కొలిచేను. ఇద్దరికి గడుస్తాది, అంతే. అంతకన్నా ఎక్కువ చెప్పను. నువ్వొచ్చెయ్."

ఈసారి ఆయన హలో, హలో అనకుండా ఆగాడు.

"నేను సంతకం పెట్టేసేనండి," అంది సత్యదుర్గ. "బుధవారం."

"గడువు నెలాఖరు దాకా ఉంది కదే?"

"ఉందండి. మీరు చెప్పేరు కదా అని పెట్టేసేను. మేడం కాగితం తెచ్చింది. రేటు ఇంకా పడుతుందన్నారు కదా మీరు."

గంగబాబుకు గురువారం సాయంత్రం రమణ గారి నోట విన్న మాటే మళ్ళీ వినిపించింది. చెరువు వేరు, గొంతు వేరు.

"నేను సరిగ్గా చూడకుండా చెప్పేను దుర్గా."

"పోన్లెండి."

"వెనక్కి తీసుకోడానికి లేదా?"

"లేదండి. ఏడాది అయ్యేక రెండు నెలలు సెలవిస్తారంట. అడిగేను." కొంచెం ఆగి, "ఆ గదికి కిటికీ ఉందా అండి?" అంది.

"ఉంది. కాలువ వైపు."

"అయితే పొగ ఉండదు."

ఆ శుక్రవారం యజమానులు తోటకు వెళ్ళలేదని, ఇంటికి చుట్టాలు వచ్చారని, వంటకు లేవాలని చెప్పింది. మామూలుగా అయితే ఆయన, "ఉంటాను మరి," అని ఫోను పెట్టేసేవాడు.

"ఫోను పెట్టెయ్యకు. ఎక్కడైనా ఆనించి పెట్టు."

"నేను వండుకుంటూ ఉంటానండి. మాట్లాడ్డానికి కుదరదు."

"మాట్లాడక్కర్లేదు. నేనుంటాను."

సత్యదుర్గ ఫోనును పంచదార డబ్బాకు ఆనించింది. ఆయనకు కనిపించేది వంటింటి పైకప్పు, ఒక ట్యూబులైటు, అప్పుడప్పుడు ఆవిడ మోచెయ్యి. ఉల్లిపాయలు తరిగిన చప్పుడు, నూనె కాగిన చప్పుడు వినిపించాయి.

"ఎంతమందికి?" అని ఒకసారి అడిగాడు.

"పదహారు మందికండి."

"ఉప్పు చూసేవా?"

"ఎనిమిదేళ్ళ నించి చూస్తున్నాను. ఇప్పుడడుగుతున్నారు," అంది ఆవిడ. నవ్విందో లేదో పైకప్పు చూస్తే తెలియదు.

ఇది ఆయన నాకు చెప్పగా రాస్తున్నాను. తరువాతి వారం నుంచి ఆయన చెరువుకు ఎనిమిది వలలు వేస్తున్నాడు. రమణ గారు మళ్ళీ పిలిచారు. వంతెన దగ్గర గదికి అడ్వాన్సు ఇచ్చి, తాళం వేసి ఉంచాడు. సతీష్ గ్రూపు నుంచి బయటికి వచ్చేశాడు. గడియారం అలాగే ఉంది.

ఆ శుక్రవారం మాత్రం ఆయన తన అన్నం చల్లారిపోతున్నా పళ్ళెం ముందు నుంచి లేచి, నట్టింట్లో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. చుట్టాలు తిన్నారు, చిన్నపిల్లలెవరో ఏడ్చారు, ఎవరో అరబ్బీలో పిలిచారు. ఆవిడ వెళ్ళింది, వచ్చింది. సాయంత్రమైంది. సింకులో నీళ్ళు తిప్పిన చప్పుడైంది. గిన్నెలు ఒక్కొక్కటిగా కడిగింది. చివరి గిన్నె బోర్లించిన చప్పుడు వినిపించాకే ఆయన కూర్చున్నాడు.